నిషేధం లేదు, జప్తు ఉంది

2022 జూన్ 11, శనివారం. అమెరికాలో ఐడహో రాష్ట్రం, సరస్సు ఒడ్డున కోర్ డలేన్ అనే ఊరు. ఊరి పార్కులో స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల ప్రైడ్ వేడుక జరుగుతోంది. అంతలో పోలీసులకు ఒక ఫోన్ వచ్చింది. హోటల్ పార్కింగ్‌లో ముసుగులు వేసుకున్న మగవాళ్లు డాళ్లు పట్టుకుని ఒక యూ-హాల్ ట్రక్కులోకి ఎక్కుతున్నారు, చూడ్డానికి చిన్నపాటి సైన్యంలా ఉన్నారు అని. అమెరికాలో ఇల్లు మారిన తెలుగువాళ్లకు యూ-హాల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మంచం, సోఫా, అట్టపెట్టెలు ఎక్కించి మనమే తోలుకెళ్లే అద్దె బండి.

పది నిమిషాలు తిరక్కుండా పోలీసులు దాన్ని ఆపారు. వెనక షట్టర్ ఎత్తితే లోపల 31 మంది. అందరివీ ఒకే రకం ఖాకీ ప్యాంట్లు, నీలం చొక్కాలు, లేత గోధుమరంగు టోపీలు, మొహాలకు తెల్ల ముసుగులు. డాళ్లు, మోకాళ్ల కింద కట్టుకునే రక్షణ పట్టీలు, ఒక స్మోక్ గ్రెనేడ్, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో రాసుకున్న కాగితాలు కూడా దొరికాయి. చేతులు వెనక్కి కట్టి గడ్డిలో వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టిన ఫొటో ఆ రోజే ప్రపంచమంతా తిరిగింది. ఆ వరసలో ఆ ఊరివాళ్లు దాదాపు లేరు. పది పన్నెండు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల సంస్థ పేరు పేట్రియాట్ ఫ్రంట్, శ్వేతజాతి ఆధిపత్యవాదుల గుంపు. దాని నాయకుడు థామస్ రూసో కూడా ఆ బండిలోనే ఉన్నాడు.

ఇంత హడావుడి చేశాక కేసు ఏమైందని చూస్తే మన పాఠకులకు నీరసం వస్తుంది. పెట్టిన కేసు అల్లర్లకు కుట్ర. అది కూడా చిన్న నేరాల జాబితాలోది. 2023 జూలైలో జ్యూరీ అయిదుగురిని దోషులుగా తేల్చింది. కొద్ది రోజుల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, ఏడాది ప్రొబేషన్, ఆ పార్కు దరిదాపులకు రాకూడదన్న షరతు. రూసో మీద కేసు మాత్రం విచారణ దాకా వెళ్లకుండానే కొట్టేశారు.

"ఇంత తెలిసీ ఆ సంస్థను నిషేధించరేం?" మనకు ముందు వచ్చే ప్రశ్న ఇదే. మనకు నిషేధం అలవాటైన మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు, 2005లో మావోయిస్టు పార్టీనీ దాని అనుబంధ సంఘాలనూ నిషేధించారు. కేంద్రం చేతిలో ఉపా చట్టం ఉంది. నోటిఫికేషన్ వెలువడిందంటే ఆ సంస్థలో సభ్యత్వమే నేరం. బ్రిటన్ కూడా 2016లో నేషనల్ యాక్షన్ అనే నియో-నాజీ గుంపును ఇలాగే నిషేధించింది. 2021లో కెనడా ప్రౌడ్ బాయ్స్ అనే అతివాద గుంపును ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టింది. అమెరికాలో మాత్రం విదేశీ సంస్థలను అలా జాబితాలో పెట్టే చట్టం ఉంది కానీ, సొంత గడ్డ మీద పుట్టిన సంస్థను 'ఇది చట్టవిరుద్ధం, ఇందులో చేరితే జైలు' అని ప్రకటించే చట్టం లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే 1964లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన ఒక సభ దగ్గరికి వెళ్లాలి. క్లారెన్స్ బ్రాండెన్‌బర్గ్ అనే అతను, శ్వేతజాతి ఆధిపత్య ముఠా కూ క్లక్స్ క్లాన్ నాయకుడు, ఒక పొలంలో శిలువ తగలబెట్టి, నల్లవాళ్లను, యూదులను తిడుతూ, అవసరమైతే పగ తీర్చుకుంటామని టీవీ కెమెరా ముందే మాట్లాడాడు. కింది కోర్టు శిక్ష వేసింది. 1969లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ తీర్పు సారం ఇది: మాట ఎంత విషపూరితమైనదైనా సరే, అప్పటికప్పుడు నేరం చేయించే ఉద్దేశంతో అని, ఆ నేరం నిజంగా జరిగేలా ఉంటే తప్ప శిక్షించకూడదు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. అతన్ని పట్టుకోవడానికి వాడిన ఒహాయో చట్టం క్లాన్ కోసం చేసింది కాదు. సోషలిస్టు కార్మిక నాయకులను జైల్లో తోయడానికి 1919లో తెచ్చింది. ఒకడి కోసం తవ్విన గోతిలో రేపు ఎవరినైనా తోయొచ్చు. అమెరికాలో పౌరహక్కుల లాయర్లలో చాలామంది నిషేధం అడగడానికి వెనకాడేది ఇందుకే.

కాబట్టి అక్కడ పేట్రియాట్ ఫ్రంట్‌లో చేరడం నేరం కాదు. 'ఈ దేశం యూరప్ రక్తం ఉన్నవాళ్లదే' అని కరపత్రం వేయడం నేరం కాదు. చాలా చోట్ల ముసుగులో ఊరేగడమూ కాదు. చేయి చేసుకుంటేనో, ఇతరుల ఆస్తి పాడుచేస్తేనో, వాటికి పథకం వేసుకుంటేనో చట్టం లోపలికి వస్తుంది. ఆ గుంపు మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న కేసులన్నీ ఈ సన్నని సందులోంచి లాక్కొచ్చినవే.

ఇక ఆ గుంపు పుట్టుక. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ విగ్రహం తొలగించకూడదంటూ శ్వేతజాతి ఆధిపత్యవాదులంతా చేరారు. 11వ తేదీ రాత్రి యూనివర్సిటీ ఆవరణలో కాగడాలతో ఊరేగారు. 12న జేమ్స్ ఫీల్డ్స్ అనేవాడు వాళ్లను వ్యతిరేకిస్తూ వచ్చిన జనం మీదకు కారు తోలాడు. హెదర్ హేయర్ అనే 32 ఏళ్ల యువతి చనిపోయింది. అదే రోజు పొద్దున ఫీల్డ్స్ వాన్‌గార్డ్ అమెరికా అనే సంస్థ డాలు పట్టుకుని నిలబడిన ఫొటో బయటికొచ్చింది. మావాడు కాదని ఆ సంస్థ అంది. కానీ ఆ పేరు చెడిపోయింది. ఆ రోజు ఆ సంస్థ మనుషులను నడిపించింది రూసోనే. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు. ఆ నెల ముగియకుండానే వాన్‌గార్డ్ అమెరికా ఆన్‌లైన్ చాట్ గ్రూపును చేతిలోకి తీసుకుని, సభ్యులను లాక్కుని, పేట్రియాట్ ఫ్రంట్ అని కొత్త పేరు పెట్టుకున్నాడు. చిట్టీల కంపెనీ ఒక ఊళ్లో బోర్డు తిప్పేసి ఇంకో ఊళ్లో కొత్త పేరుతో తెరిచినట్టు.

బోర్డుతో పాటు వేషమూ మారింది. స్వస్తిక గుర్తులు, నాజీ జెండాలు జనాన్ని బెదరగొడతాయని తెలిసి వాటిని పక్కన పెట్టారు. అమెరికా జెండా రంగులు, స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776 నాటి గుర్తులు, దేశభక్తి మాటలు ముందుకొచ్చాయి. లోపలి సరుకు అదే. స్టిక్కర్లు అంటించడం, గోడల మీద స్టెన్సిల్ వేయడం, వంతెనల మీంచి బ్యానర్లు వేలాడదీయడం, అప్పుడప్పుడు ఏదో పెద్ద నగరంలో హఠాత్తుగా దిగి గంటసేపు కవాతు చేసి అద్దె ట్రక్కుల్లో మాయమవడం. యూదు వ్యతిరేకతపై నిఘా పెట్టే యాంటీ డిఫమేషన్ లీగ్ లెక్క ప్రకారం 2022లో అమెరికాలో నమోదైన శ్వేతజాతి ఆధిపత్య ప్రచార ఘటనలు 6,751. అందులో 80 శాతం ఈ ఒక్క గుంపువే. ఉన్నది కొన్ని వందల మంది. స్టిక్కర్ల చలవతో వేలమంది ఉన్నట్టు కనిపిస్తారు.

2022 జనవరిలో వీళ్ల లోపలి చాట్లు, ఆడియో రికార్డింగులు, వీడియోలు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. యూనికార్న్ రయట్ అనే స్వతంత్ర మీడియా బృందం వాటిని ప్రచురించింది. చదివితే విప్లవ సంస్థ కన్నా గొలుసుకట్టు మార్కెటింగ్ కంపెనీ గుర్తొస్తుంది. సభ్యుడికి ఇంత పని చేసి తీరాలన్న కోటా ఉంటుంది. చేసినట్టు ఫొటో పెట్టాలి. అంటించే స్టిక్కర్లు నాయకుడి దగ్గరే డబ్బిచ్చి కొనుక్కోవాలి. మన ఊళ్లో స్కీములో చేరి సబ్బులూ పౌడర్లూ అమ్మలేక ఇంట్లో పేర్చుకున్నవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు.

నవ్వుకోవడానికి ఇది బాగుంది. అసలు దెబ్బ మాత్రం వేరే చోట తగిలింది. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, బ్యాటరీ పార్కులో, ఆర్థర్ ఆష్ బొమ్మ ఉన్న కుడ్యచిత్రం ఉంది. వింబుల్డన్ పురుషుల టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి ఆటగాడు ఆష్, ఆ ఊరి బిడ్డ. 2021 అక్టోబరులో ఒక రాత్రి ఎవరో ఆ బొమ్మ మీద తెల్ల రంగు పూసి, పైన తమ సంస్థ స్టెన్సిల్ వేసిపోయారు. ఆ 'ఎవరో' తీసుకున్న వీడియో ఈ లీకులో దొరికింది. ఏడాది తిరిగేసరికి ఆ పేటవాసులు ఇద్దరి తరఫున ఫెడరల్ కోర్టులో సివిల్ దావా పడింది.

ఆ దావాకు ఆధారం 1871 నాటి కూ క్లక్స్ క్లాన్ చట్టం. అంతర్యుద్ధం ముగిశాక, కొత్తగా ఓటుహక్కు వచ్చిన నల్లవాళ్ల మీద తెల్ల ముసుగుల గుంపులు రాత్రిపూట దాడులు చేస్తుంటే, స్థానిక పోలీసులూ జడ్జీలూ కళ్లు మూసుకుంటుంటే, అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకం పెట్టిన చట్టం. ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి కుట్ర పన్ని గానీ, వేషం మార్చుకుని రహదారి మీదకో ఇతరుల ఆవరణలోకో వెళ్లి గానీ, ఒకరి సమాన హక్కులకు భంగం కలిగిస్తే బాధితుడే నేరుగా దావా వేసుకోవచ్చు. ఆ 'వేషం మార్చుకుని' అన్న ముక్క చూడండి. నూటయాభై ఏళ్ల కిందట తెల్ల గుడ్డ కప్పుకున్న గుర్రపు రౌతుల కోసం రాసిన మాట, తెల్ల ముసుగు తొడుక్కుని యూ-హాల్ దిగేవాడికి అతికినట్టు సరిపోయింది.

క్రిమినల్ కేసును వదిలి సివిల్ దావా పట్టుకోవడంలో మతలబు ఉంది. క్రిమినల్ కేసులో ప్రాసిక్యూటర్ ముందుకు రావాలి, సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి, ముసుగు వెనక ఉన్నది ఫలానావాడేనని చూపాలి. సివిల్‌లో తూకం ఎటు మొగ్గితే అటే తీర్పు. అంతకన్నా ముఖ్యం, విచారణకు ముందే అవతలివాళ్ల ఫోన్లు, చాట్లు, బ్యాంకు లెక్కలు కోర్టు ద్వారా అడిగి తీసుకోవచ్చు. రహస్యంగా బతికే గుంపుకు జైలు కన్నా ఇదే ఎక్కువ భయం.

షార్లట్స్‌విల్ మీద పడిన దావాలో ఇది కళ్లకు కట్టింది. ఆ నగరంలో గాయపడ్డ తొమ్మిది మంది తరఫున రాబర్టా కాప్లన్ తదితర లాయర్లు 2017 అక్టోబరులో దావా వేశారు. సభకు ముందు నిర్వాహకులు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో రాసుకున్న మెసేజ్‌లు కోర్టుకొచ్చాయి. జనం మీదకు బండి తోలడం గురించిన మాటలు కూడా వాటిలో ఉన్నాయి. అడిగిన ఫోన్లూ పత్రాలూ ఇవ్వనందుకు ఒక నిర్వాహకుడిని జడ్జి కొద్ది రోజులు జైల్లో పెట్టారు. ఒకప్పుడు టీవీల్లో వెలిగిన శ్వేతజాతివాద నేత రిచర్డ్ స్పెన్సర్ ఈ కేసు తనను ఆర్థికంగా కుంగదీసిందని కోర్టులోనే మొరపెట్టుకున్నాడు. 2021 నవంబరులో జ్యూరీ మొత్తం రెండున్నర కోట్ల డాలర్లకు పైగా పరిహారం వేసింది. విచిత్రమేమిటంటే 1871 చట్టం కింద వేసిన రెండు ఆరోపణల మీద జ్యూరీలో ఏకాభిప్రాయం కుదరలేదు. డబ్బు వచ్చింది వర్జీనియా రాష్ట్ర చట్టాల కింద. ఒక్క కుట్ర ఆరోపణ మీదే పన్నెండు మంది ప్రతివాదులకు తలా అయిదు లక్షలు, అయిదు సంస్థలకు తలా పది లక్షల డాలర్లు పడ్డాయి. ఆ అయిదింటిలో వాన్‌గార్డ్ అమెరికా ఒకటి. అంటే బోర్డు తిప్పేసిన పాత కంపెనీ మీద డిక్రీ వచ్చింది. కొత్త బోర్డువాళ్లు ఆ కేసులో ప్రతివాదులే కారు.

తీర్పు వచ్చాక కోత మొదలైంది. బాధితుడికి కలిగిన నష్టం మీద కాకుండా బుద్ధి చెప్పడానికి అదనంగా వేసే పరిహారానికి వర్జీనియాలో మూడున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. దాన్ని చూపి జడ్జి రెండు కోట్ల నలభై లక్షలను ఏకంగా మూడున్నర లక్షలకు దించేశారు. 2024లో అప్పీలు కోర్టు, ఆ పరిమితి కేసు మొత్తానికి కాదు, అదనపు పరిహారం దక్కిన ఎనిమిది మంది బాధితుల్లో ఒక్కొక్కరికీ అని చెప్పి దాన్ని 28 లక్షలకు పెంచింది. కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

బోస్టన్ కేసు ఇంకాస్త సూటిగా ఉంటుంది. 2022 జూలై 2న, కోర్ డలేన్ అరెస్టులకు మూడు వారాల తర్వాత, సుమారు వందమంది పేట్రియాట్ ఫ్రంట్ మనుషులు ఆ నగరంలో కవాతు చేశారు. దారిలో ఒక నల్లజాతి సంగీతకారుడు ఎదురుపడ్డాడు. లోహపు డాళ్లతో అతన్ని చుట్టుముట్టి కొట్టారు. తలకూ చేతికీ గాయాలయ్యాయి. కొట్టినవాళ్ల మొహాలకు ముసుగులున్నాయి, గుంపు ట్రక్కుల్లో వెళ్లిపోయింది. అతను 2023లో ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. పేట్రియాట్ ఫ్రంట్ తరఫున ఎవరూ జవాబివ్వలేదు. మన కోర్టు భాషలో ఎక్స్‌పార్టీ. 2025 జనవరిలో సుమారు 27 లక్షల 50 వేల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన జడ్జి ఇందిరా తల్వానీ, భారత్ నుంచీ జర్మనీ నుంచీ వలస వెళ్లిన దంపతుల కూతురు. యూరప్ రక్తం లేనివాళ్లది ఈ దేశం కాదనే గుంపుకు ఇంత కట్టమని చెప్పే సంతకం ఆమెది కావడం కాకతాళీయమే. అయినా ఆ కాకతాళీయం నాకు నచ్చింది.

మనవాళ్ల కథ ఇక్కడ కొంచెం తగులుతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేతలోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను 'నా దేశం వదిలి పో' అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆ కేసు ఏడాదిన్నరలో తేలిపోయింది. రాష్ట్ర కోర్టులో ఒక యావజ్జీవం, ఫెడరల్ కోర్టులో ద్వేష నేరం కింద మళ్లీ యావజ్జీవం. వెనక సంస్థ లేదు, తుపాకీ ఉంది, సాక్షులున్నారు. ఒంటరి హంతకుడితో అమెరికా చట్టానికి ఇబ్బంది లేదు. తుపాకీ పేల్చకుండా, పేల్చేవాడు ఎదిగే నేలను దున్నిపెట్టే గుంపుతోనే ఇబ్బంది. ఆ విత్తనం ఏ రంగు చర్మంలో మొలుస్తుందో కూడా చెప్పలేం. 2023 మేలో వైట్‌హౌస్ దగ్గర బ్యారికేడ్లను యూ-హాల్ ట్రక్కుతో గుద్ది, లోపలి నుంచి నాజీ జెండా తీసిన 19 ఏళ్ల కుర్రాడు మన చందానగర్‌లో పుట్టినవాడు. 2025లో ఎనిమిదేళ్ల జైలు పడింది. మానసిక అనారోగ్యం ఉందని కోర్టులో తేలింది, ఏ గుంపుతోనూ సంబంధం లేదు. అయినా ఆ జెండా ఆ బండిలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

సరే, డిక్రీ వచ్చింది. వసూలు సంగతి?

ఇక్కడ పాత కేసులు రెండు చూడాలి. 1981లో అలబామా రాష్ట్రం మొబీల్ నగరంలో క్లాన్ మనుషులు మైకేల్ డొనాల్డ్ అనే 19 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని చంపి చెట్టుకు వేలాడదీశారు. హంతకులకు శిక్షలు పడ్డాక, తల్లి బ్యూలా మే డొనాల్డ్ యునైటెడ్ క్లాన్స్ ఆఫ్ అమెరికా అనే సంస్థ మీదే దావా వేసింది. 1987లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ 70 లక్షల డాలర్లు ఇప్పించింది. అంత డబ్బు ఆ సంస్థ దగ్గర ఎక్కడుంది? టస్కలూసాలో ఒక ఆఫీసు భవనం ఉంది. దాని తాళాలు ఆమె చేతికిచ్చారు. అమ్మితే 50 వేల డాలర్లకు కాస్త పైగా వచ్చింది. ఆ డబ్బుతో ఆమె సొంతిల్లు కొనుక్కుంది. మరుసటి ఏడాదే చనిపోయింది. 70 లక్షలకు 50 వేలు అంటే ఏమీ కాదు. కానీ ఆ సంస్థ మళ్లీ లేవలేదు.

రెండోది ఇదే ఐడహోలో. కోర్ డలేన్‌కు దగ్గర్లోని హేడెన్ లేక్‌లో రిచర్డ్ బట్లర్ అనే అతను ఇరవై ఎకరాల్లో ఆర్యన్ నేషన్స్ స్థావరం నడిపేవాడు. 1998లో దాని కాపలాదారులు ఆ దారిన కారులో పోతున్న తల్లీకొడుకుల్ని వెంటాడి కాల్పులు జరిపారు. 2000లో జ్యూరీ 63 లక్షల డాలర్లు వేసింది. బట్లర్ ఐపీ పెట్టాడు, స్థలం బాధితుల పరమైంది. తర్వాత అక్కడి కట్టడాలను నేలమట్టం చేసి ఆ చోటును శాంతి పార్కుగా మార్చారు. ముసుగువాళ్లను చూడగానే ఆ ఊరి మనిషి ఒకరు ఫోన్ అందుకోవడం వెనక ఈ పాత జ్ఞాపకం కూడా ఉండే ఉంటుందని నా అనుమానం.

ఆ రెండు కేసుల్లో జప్తు చేయడానికి ఒక వస్తువు ఉంది. భవనమో, పొలమో, గేటుకు వేలాడే బోర్డో. పేట్రియాట్ ఫ్రంట్ ఆ పాఠం నేర్చుకున్నట్టే కనిపిస్తుంది. దానికి ఆఫీసు లేదు, సభాస్థలం లేదు. బండి అద్దెది. సమావేశం ఒక చాట్ సర్వర్‌లో. ఆస్తి అంటే స్టిక్కర్ల కట్టలు, డాళ్లు. 27 లక్షల డాలర్ల డిక్రీ చేత్తో పట్టుకుని ఏ తలుపు కొట్టాలి?

మిగిలింది మనుషులు. ఒకరికి కావాలని కలిగించిన హాని మీద పడిన అప్పు ఐపీ పెట్టినా పోదని అమెరికా దివాలా చట్టం చెబుతుంది. కాబట్టి పేరున్న ప్రతివాది మీద ఆ బాకీ ఏళ్ల తరబడి వేలాడుతుంది. అయితే రూసో ఉండేది టెక్సస్. మామూలు సివిల్ బాకీకి మనిషి జీతాన్ని జప్తు చేయడానికి వీల్లేదని ఆ రాష్ట్ర రాజ్యాంగమే రాసిపెట్టింది. ఉంటున్న ఇంటి జోలికీ పోకూడదు. అప్పుల్లో మునిగినవాళ్లను కాపాడటానికి పూర్వం పుట్టిన రక్షణలు ఇవి.

పేర్లు బయటపడితే మాత్రం వేరే దెబ్బ. తమలో దొంగపేరుతో చేరి ఫొటోలు తీసి వివరాలు బయటపెట్టాడంటూ కొందరు సభ్యులు 2023లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకతని మీద దావా వేశారు. దానివల్ల ఉద్యోగాలు పోయాయని, బంధువులూ స్నేహితులూ దూరమయ్యారని అందులో వాపోయారు. ముసుగు తీశారని ఫిర్యాదు చేయడానికి వాళ్లు తమ అసలు పేర్లతోనే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.